చర్చ ట్రంప్ మీద.. తేదీ ఫ్రిజ్ మీద!

2025 సెప్టెంబర్ 20, శనివారం సాయంత్రం. డాలస్‌కు ఉత్తరాన మా కాలనీలో ఒకరింట్లో పది కుటుంబాలం చేరాం. తెల్లారితే ఎంగిలిపూల బతుకమ్మ. వంటింటి బల్ల మీద బంతిపూలు, చామంతులు గుట్టగా పోసుకుని ఆడవాళ్లు కాడలు తుంచుతున్నారు. పిల్లలు పై గదిలో ఆటల్లో ఉన్నారు. హాల్లో మాత్రం యుద్ధం నడుస్తోంది.

యుద్ధానికి కారణం అందరికీ తెలిసిందే. ముందురోజు సాయంత్రం అధ్యక్షుడు ట్రంప్ హెచ్-1బి మీద కొత్త ప్రకటనపై సంతకం చేశారు. కొత్త పిటిషన్‌కు లక్ష డాలర్లు కట్టాలి. శనివారం అర్ధరాత్రి దాటిన మరుక్షణం నుంచే అమలు. ‘దేశం బయట ఉన్నవాళ్లు వెంటనే వచ్చేయండి, లోపల ఉన్నవాళ్లు కదలొద్దు’ అని కంపెనీల నుంచి ఈమెయిళ్లు. వాట్సాప్‌లో ఒకరు పంపింది ఇంకొకరు, ఇంకొకరు పంపింది మరొకరు. మిర్చి బజ్జీలు చల్లారిపోతున్నా పట్టించుకునే నాథుడు లేడు.

‘‘రొయ్య మీద యాభై శాతం వేశాడు. ఇప్పుడు మనుషుల మీద వేస్తున్నాడు’’ అన్నాడు భీమవరం బావ. వాళ్ల తమ్ముడికి ఊళ్లో రొయ్యల చెరువులున్నాయి.

‘‘మంచిగైంది బావా. దొంగ కన్సల్టెన్సీలు మూత పడ్తయి. నిజంగ చదువుకున్నోళ్లకే వీసా దొరుకుతది’’ అన్నాడు నిజామాబాద్ అన్న. ఆ రోజు అందరికంటే పెద్ద గొంతు ఆయనదే.

‘‘ఫీజు పెంచితే దొంగలు పోతరా అన్నా? చిన్న కంపెనీలు పోతయి, ఇప్పుడే చదువు అయిపోయిన పిల్లలు పోతరు’’ అంటూ వరంగల్ అక్క పూలపళ్లెం పట్టుకునే హాల్లోకి వచ్చేసింది.

నేను తక్కువ తిన్నానా? ఆ లక్ష ఏటా కట్టాలా, ఒక్కసారే కట్టాలా అన్నదాని మీద నా వాదన. వాణిజ్య మంత్రి లట్నిక్ శుక్రవారం ఏటా అన్నారు. వైట్‌హౌస్ ప్రతినిధి లీవిట్ శనివారం ఒక్కసారే అన్నారు. ఫోన్లో రెండూ తెరిచి చూపిస్తూ నేను మాంచి ఊపులో ఉండగా వంటింటి వైపు నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

‘‘ఏమండీ, ఒక్కసారి ఇటు వస్తారా?’’

‘‘వస్తున్నా, ఒక్క నిమిషం’’ అన్నాను. ఆ నిమిషం నలభై నిమిషాలైంది.

ఫ్రిజ్ మీది కార్డు

ఆవిడ పిలిచింది బజ్జీల కోసం కాదు. అంతకు రెండు రోజుల ముందు, గురువారం, ఆవిడ కొత్త డ్రైవింగ్ లైసెన్స్ పోస్టులో వచ్చింది. దాని మీద గడువు తేదీ 2025 అక్టోబర్ 9. అంటే కార్డు చేతికొచ్చాక మూడు వారాలు. గురువారమే నాకు చూపించింది. ‘‘కంప్యూటర్లో తప్పు పడి ఉంటుంది. నీ హెచ్-4 అప్రూవల్ 2027 సెప్టెంబర్ దాకా ఉందిగా. సోమవారం ఫోన్ చేద్దాంలే’’ అన్నాను. ఆవిడ ఆ కార్డును అయస్కాంతం కింద పెట్టి ఫ్రిజ్‌కు అంటించింది, నాకు రోజూ కనబడాలని. కనబడింది. చూశాను. పాలు తీసుకుని తలుపు వేశాను.

శనివారం వంటింట్లో పూలు కూరుస్తూ ఆ సంగతే చెప్పిందట. వినగానే కరీంనగర్ వదిన చేతిలో పువ్వు పక్కన పెట్టేసింది.

‘‘ఐ-94 చూసిన్రా? మీ పాస్‌పోర్టు ఎప్పటిదాక ఉండె, ఇండియా నుంచి వచ్చినప్పుడు?’’

కరీంనగర్ వదినకు ఈ కాగితాలన్నీ కంఠతా వచ్చు. సరదాకు నేర్చుకున్నవి కావు. వాళ్లమ్మాయి మూడేళ్లప్పుడు ఇక్కడికి వచ్చింది, ఇప్పుడు పంతొమ్మిది. తండ్రి గ్రీన్‌కార్డు వరుస కదిలేలోపు ఆ పిల్లకు ఇరవై ఒకటి నిండితే, తల్లిదండ్రుల కాగితం మీద ఇక్కడ ఉండే హక్కు పోతుంది. అందుకని ఆమె ప్రతి నెలా వీసా బులెటిన్ చదువుతుంది, మనం పంచాంగం చూసినట్టు.

నలభై నిమిషాల తర్వాత నేను వెళ్లేసరికి వాళ్లిద్దరూ సీబీపీ వెబ్‌సైట్లో మా ఆవిడ ఐ-94 తెరిచి కూర్చున్నారు. ‘ఉండటానికి అనుమతి ఉన్న చివరి తేదీ’ అన్న చోట 2025 అక్టోబర్ 9 అని ఉంది. లైసెన్స్ ఆఫీసు కంప్యూటర్ తప్పేమీ చేయలేదు. అది మాకంటే శ్రద్ధగా చదివింది, అంతే.

ఒక్కో కాగితం ఒక్కో మాట

జరిగింది ఇదీ. 2024లో మా హెచ్-1బి, హెచ్-4 పొడిగింపులు 2027 సెప్టెంబర్ వరకు వచ్చాయి. క్రిస్మస్ సెలవులకు ఇండియా వెళ్లి, హైదరాబాద్‌లో స్టాంపింగ్ చేయించుకుని, సంక్రాంతి చూసుకుని జనవరి చివర్లో తిరిగొచ్చాం. స్టాంపు మీద కూడా 2027 సెప్టెంబరే. కానీ అప్పటికి మా ఆవిడ పాస్‌పోర్టు గడువు 2025 అక్టోబర్ 9. విమానాశ్రయంలో అధికారి పాస్‌పోర్టు ఉన్నంతవరకే అనుమతి ఇచ్చారు. అది వాళ్లు మామూలుగా చేసే పనే. మే నెలలో కొత్త పాస్‌పోర్టు తెప్పించుకున్నాం. ‘హమ్మయ్య, ఒక పని అయిపోయింది’ అనుకున్నాం. పాస్‌పోర్టు మారితే ఐ-94 దానంతట అది మారదన్న సంగతి తట్టలేదు.

ఇన్నేళ్లుగా ఇక్కడున్నా మనలో చాలామందికి ఈ మూడింటి తేడా గట్టిగా తెలియదు. వీసా స్టాంపు మనల్ని గుమ్మం దాకా తెచ్చే కాగితం. ఐ-797 మన పిటిషన్ ఆమోదం పొందిందని చెప్పే కాగితం. లోపలికొచ్చాక ఎన్నాళ్లుండొచ్చో చెప్పేది ఐ-94. అప్రూవల్ వచ్చిన తర్వాత దేశం దాటి మళ్లీ వస్తే, గుమ్మం దగ్గర చివరిసారి ఇచ్చిన తేదీయే లెక్క. విమానంలో, ఓడలో వచ్చేవాళ్లకు 2013 నుంచి ఈ ఐ-94 కాగితం రూపంలో చేతికివ్వడం లేదు. కంప్యూటర్లోనే ఉంటుంది. మనం వెళ్లి చూసుకోవాలి. చూసుకోకపోతే ‘మీ తేదీ ఇదీ’ అని ఎవరూ ఇంటికొచ్చి చెప్పరు.

మా ఆవిడ లైసెన్స్ పాతది ఆ సెప్టెంబర్‌లోనే ముగియడం మా అదృష్టం. లేకపోతే మాకు తెలిసే దారే లేదు. 2026 జూన్ 10కి ఇండియా టికెట్లు చూసి పెట్టుకున్నాం, మా మరదలి పెళ్లికి. అప్పటిదాకా తెలియకుండా ఉండి ఉంటే మా ఆవిడ దాదాపు 240 రోజులు అనుమతి లేకుండా ఉన్నట్టయ్యేది. 180 రోజులు దాటి అలా ఉండి దేశం విడిచి వెళ్తే మూడేళ్లపాటు తిరిగి రానివ్వరు. ఏడాది, ఆపైన ఉండి వెళ్తే పదేళ్లు. తేదీ దాటి ఒక్కరోజు ఉన్నా ఉన్న వీసా స్టాంపు రద్దవుతుంది. అంటే చెల్లెలి పెళ్లికి నవ్వుతూ విమానం ఎక్కిన మనిషి, తిరుగు ప్రయాణంలో పిల్లల దగ్గరికి రాలేకపోయేది. మా పిల్లలిద్దరూ ఇక్కడ పుట్టినవాళ్లు. పెద్దది తొమ్మిదో తరగతి, చిన్నాడు నాలుగు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక ఈ లెక్క వేసి చూపించింది కూడా మా ఆవిడే. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

వెళ్లాలా.. వద్దా?

ఆదివారం మాకు తెలిసిన లాయరు ఫోన్లో దొరికారు. రెండు దారులున్నాయన్నారు. ఒకటి, అక్టోబర్ 9 లోపు ఇక్కడి నుంచే పొడిగింపుకు ఐ-539 దరఖాస్తు వేయడం. నిర్ణయం రావడానికి నెలలు పట్టొచ్చు. రెండోది, ఒకసారి దేశం దాటి కొత్త పాస్‌పోర్టుతో తిరిగి రావడం. పాత పాస్‌పోర్టులో స్టాంపు చెల్లుతుంది కాబట్టి రెండు పాస్‌పోర్టులూ వెంట ఉండాలి. అధికారి పొరపాటు కాదు కనుక విమానాశ్రయంలో ఊరికే దిద్దించుకునే అవకాశం తక్కువన్నారు.

పరిష్కారం దేశం దాటడంలో ఉంది. ముందురోజు మేం గొంతు చించుకున్న చర్చంతా దేశం దాటొద్దనే! లక్ష డాలర్ల నిబంధన నాలాంటి పాత హెచ్-1బి వాళ్లకు వర్తిస్తుందా? మా ఆవిడ హెచ్-4, ఆమె మాటేమిటి? వాట్సాప్‌లో మా గ్రూపు నూటయాభై సందేశాల మీదుంది. వర్తిస్తుందని సగం మంది, వర్తించదని సగం మంది. చివరికి మేం చేసిన పని చాలా చిన్నది. శనివారమే యూఎస్‌సీఐఎస్ విడుదల చేసిన మెమో తెరిచి, ఇద్దరం పక్కపక్కన కూర్చుని మొదటి వాక్యం నుంచి చివరిదాకా చదివాం. పొడవు కూడా కాదు. ప్రకటన అమలు తేదీ తర్వాత వేసే పిటిషన్లకే ఇది వర్తిస్తుందని, ఇప్పటికే చెల్లే వీసాలున్నవాళ్ల రాకపోకలకు అడ్డు కాదని అందులో ఉంది. ఒక రాత్రంతా పదిమంది తేల్చలేనిది, పావుగంటలో ఇద్దరికి తేలింది. తేలినా భయం పోలేదు. కానీ ఇప్పుడా భయం దేని గురించో తెలుసు.

అమెరికా వీసా చెల్లుబాటులో ఉన్నవాళ్లకు మెక్సికో విడిగా వీసా అడగదు. తర్వాతి శుక్రవారం పిల్లల్ని భీమవరం బావ ఇంట్లో దింపి కాంకూన్ వెళ్లాం. అందరూ సముద్రం చూడ్డానికి వెళ్లే చోటు. మేం హోటల్ గదిలో కూర్చుని అప్రూవల్ కాగితాలు, పెళ్లి సర్టిఫికెట్, నా జీతం రసీదులు వరుసగా సర్దుకున్నాం. ఆదివారం తిరిగొచ్చాం. అధికారి రెండు పాస్‌పోర్టులూ తిప్పి చూసి, ఎందుకెళ్లారని అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ‘‘తేదీ కొత్త పాస్‌పోర్టు ప్రకారం ఇస్తారా?’’ అని మా ఆవిడే అడిగింది. తలూపారు. సామాను బెల్టు దగ్గరే నిలబడి ఫోన్లో ఐ-94 తెరిచాం. 2027 సెప్టెంబర్. మా పెట్టె రెండుసార్లు తిరిగి వెళ్లిపోయింది. ఇద్దరం చూడలేదు.

చర్చలు మానేయాలా?

ఇది చదివి ‘అందుకే రాజకీయాలు మాట్లాడకూడదు’ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మనం ఇక్కడ ఉండటమే ఒక రాజకీయం. ఏ దేశం వాళ్లు ఎంతమంది రావాలన్న పాత కోటాలను తీసేసిన చట్టం మీద 1965 అక్టోబర్ 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేశారు. ఇక్కడి పౌరహక్కుల ఉద్యమం నడుస్తున్న రోజులవి. ఆ గాలిలో పుట్టిన చట్టమది. హెచ్-1బి ఇప్పటి రూపం 1990 చట్టంతో వచ్చింది. ఆరేళ్లు దాటినా గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నవాళ్లు పొడిగింపులు తీసుకోవచ్చన్న వెసులుబాటు 2000లో అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన చట్టంలోది. ఆ ఒక్క వెసులుబాటు లేకపోతే ఆ హాల్లో సగం మందిమి ఎప్పుడో సామాను సర్దుకునేవాళ్లం. మన వరుస ఇంత పొడుగ్గా ఉండటానికి కారణమూ చట్టమే. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. అందులో ఏ ఒక్క దేశానికైనా ఏడు శాతం పరిమితి. ఇవన్నీ ఎవరో ఎక్కడో వాదించుకుని, ఓటేసి, రాసినవే.

భీమవరం బావ రొయ్యల మాటా అంతే. ఆ ఆగస్టులో భారత సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. మన రొయ్యకు పెద్ద మార్కెట్ అమెరికాయే. డాలస్ హాల్లో బావ కోపం వెనక, ఊళ్లో తమ్ముడు చెరువులో ఈసారి పిల్ల వదలాలా వద్దా అని చేసిన ఫోను ఉంది. అది ఊసుపోక చెప్పే కబురు కాదు.

నా బాధల్లా ఒకటే. చర్చలో మనం ఎప్పుడూ ప్రేక్షకుల్లా కూర్చుంటాం. మన చేతిలో ఉన్న పని దగ్గరికొచ్చేసరికి సోమవారం చూద్దాం అంటాం. ఊరి రాజకీయాలే తీసుకోండి. ఆంధ్ర ఎన్నికలైనా, తెలంగాణ ఎన్నికలైనా మా హాల్లో ఓట్ల లెక్కింపు తెల్లవార్లూ సాగుతుంది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు ఫారం 6ఎ నింపి సొంతూరి ఓటరు జాబితాలో పేరు పెట్టుకోవచ్చు. 2011 నుంచి ఈ అవకాశం ఉంది. పోలింగ్ రోజున పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా బూత్‌కు వెళ్లాలన్నది పెద్ద ఇబ్బందే, నిజమే. కానీ మా పది కుటుంబాల్లో ఆ ఫారం నింపినవాళ్లు ఎవరని ఓసారి అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. నాదీ లేవలేదు.

ముప్పై ఎనిమిదో రోజు

దసరా దాటాక అక్టోబర్ 4, శనివారం మళ్లీ అందరం కలిశాం. ఈసారి మా ఇంట్లో. భోజనాలకు ముందు నేను లేచి జరిగిందంతా చెప్పాను. మొదట చాలా సిగ్గేసింది. పదిహేనేళ్లుగా ఈ దేశంలో ఉన్న సాఫ్ట్‌వేర్ మనిషిని. ఆఫీసులో ఇతరుల కోడ్‌లో తేదీల తప్పులు పట్టుకుంటాను. సొంత ఇంటి ఫ్రిజ్ మీది తేదీ పట్టుకోలేకపోయాను. ఎవరూ నవ్వలేదు. ముగ్గురు అక్కడికక్కడే ఫోన్లు తీసి ఐ-94 చూసుకున్నారు. ఒకరికి మా ఆవిడ లాంటి కథే ఉంది, కాకపోతే ఇంకా ఏడు నెలల గడువుంది.

అందరూ వెళ్తుంటే నిజామాబాద్ అన్న కారు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చాడు.

‘‘తమ్మీ, నాది ముప్పై ఎనిమిదో రోజు’’ అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

ఆగస్టు చివర్లో అన్న ఉద్యోగం పోయింది. హెచ్-1బి మీద ఉద్యోగం పోతే గరిష్ఠంగా అరవై రోజులు. ఐ-94 అంతకుముందే ముగిస్తే అంతవరకే. ఆలోపు కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా వెళ్లిపోవాలి. సెప్టెంబర్ 20న మా అందరి మధ్య నిలబడి ‘మంచిగైంది’ అన్న మనిషికి అది ఇరవై నాలుగో రోజు. ఇంట్లో వదినకు తప్ప ఎవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున బ్యాగు తగిలించుకుని లైబ్రరీకి వెళ్లి కూర్చుంటున్నాడు.

‘‘మరి ఆ రోజు అంత గట్టిగ మాట్లాడినవేంది అన్నా?’’ అని నేనూ ఆయన యాసలోనే అడిగాను.

‘‘ఏం జెయ్యాలె? సప్పుడు జెయ్యకుండ కూసుంటే అందరు అడుగుతరు, ఏమైందన్నా అని.’’

ఆ మాట నాకిప్పటికీ చెవిలోనే ఉంది. మనం ప్రపంచం గురించి పెద్దగా మాట్లాడేది కొన్నిసార్లు మన గురించి అడగకుండా ఉండటానికి. ట్రంప్ మీద, పుతిన్ మీద మాట్లాడితే పరువుకేం కాదు. ‘నా ఉద్యోగం పోయింది’, ‘నా దరఖాస్తు తిరిగొచ్చింది’ అంటే పరువు పోతుందని భయం. ఊళ్లో అయితే ఇలాంటి సంగతి ఎవరో ఒకరు ముఖం చూసి పట్టేసేవారు. ఇక్కడ నెలకోసారి కలుస్తాం, ఇస్త్రీ చొక్కా వేసుకుని వస్తాం. ఎవరు చూస్తారు?

ఆ రాత్రే నేను, వరంగల్ అక్క, భీమవరం బావ కూర్చుని ఎవరి ఆఫీసులో ఏ ఖాళీలున్నాయో రాశాం. వారంలో రెండు ఇంటర్వ్యూలు కుదిరాయి. ఒక కంపెనీ తీసుకుంటామంది. అక్కడ పడింది పీటముడి. దేశంలోనే ఉండి కంపెనీ మారేవాళ్లకూ లక్ష డాలర్లు వర్తిస్తాయా అన్నది అప్పటికి స్పష్టంగా లేదు. కంపెనీ లాయర్లు ఆగారు. అన్న ఏ ప్రకటనను చప్పట్లు కొట్టి సమర్థించాడో అదే అన్న కొత్త ఉద్యోగానికి అడ్డంగా కూర్చుంది. దీపావళి నాడు, అక్టోబర్ 20న, యూఎస్‌సీఐఎస్ వివరణ ఇచ్చింది. లోపలే ఉండి, చెల్లే స్టేటస్‌లో మార్పు లేదా పొడిగింపు కోరేవాళ్లకు ఆ రుసుము లేదని. యాభై ఏడో రోజున పిటిషన్ దాఖలైంది.

అన్న అభిప్రాయం మారిందా అంటే, మారలేదు. ‘‘దొంగ కన్సల్టెన్సీలు పోవాల్సిందే’’ అని ఇప్పటికీ అంటాడు. అనొచ్చు. ఆయన చెప్పేదాంట్లో నిజమూ ఉంది. కాకపోతే ఇప్పుడు ఆ మాట అనేముందు ‘నాకు ఎంత దగ్గరికొచ్చిందో తెలుసా’ అని మొదలుపెడతాడు. వినేవాళ్లు కూడా కాస్త నెమ్మదిగా వింటున్నారు.

కాగితాల పావుగంట

ఆ దీపావళి నుంచి మా పది కుటుంబాల్లో ఒక అలవాటు చేసుకున్నాం. కలిసినప్పుడు మొదటి పావుగంట కాగితాలకు. కరీంనగర్ వదిన పెద్ద. ఎవరికి ఏ తేదీ దగ్గర పడుతోందో చెప్పాలి. ఏదైనా తెలిసిందని చెబితే ఆమె మొదటి ప్రశ్న ‘‘ఎక్కడ చదివిన్రు?’’ అని. ‘ఎవరో చెప్పారు’ అంటే అది లెక్కలోకి రాదు. ఆ పావుగంటలో మేం నేర్చుకున్నవి కొన్ని ఇవి. ఇవి తోటివాడి మాటలే, లాయరు సలహా కాదు. మీ సంగతి మీ లాయరుతోనే తేల్చుకోండి.

• దేశంలోకి వచ్చిన ప్రతిసారీ, ఇంట్లో ప్రతి ఒక్కరి ఐ-94 విడివిడిగా చూడండి. మీ తేదీ బాగుంటే మీ భార్యదో భర్తదో బాగున్నట్టు కాదు.

• పాస్‌పోర్టు గడువు దగ్గర పడుతుంటే ప్రయాణానికి ముందే కొత్తది తీసుకోండి. పాతదాంట్లో వీసా ఉంటే రెండూ వెంట పెట్టుకోండి.

• ఇల్లు మారితే పది రోజుల్లోపు ఏఆర్-11 ద్వారా చిరునామా తెలియజేయాలి.

• హెచ్-4 ఈఏడీ లాంటి పని అనుమతి కార్డులకు 2025 అక్టోబర్ 30 నుంచి వేసే రెన్యువల్స్‌కు ఇదివరకటిలా 540 రోజుల దాకా ఆటోమేటిక్ పొడిగింపు లేదు. గడువుకు 180 రోజుల ముందు నుంచే వేయొచ్చు. ఆలస్యం చేయకండి.

• పిల్లలకు ఇరవై ఒకటి దగ్గరపడుతుంటే వయసు లెక్క మళ్లీ వేయించండి. 2025 ఆగస్టు 15 నుంచి వీసా బులెటిన్‌లోని తుది తేదీల పట్టికనే లెక్కకు తీసుకుంటున్నారు. పాత లెక్క మీద ధైర్యంగా ఉండొద్దు.

• స్టాంపింగ్‌కు మూడో దేశం వెళ్లే రోజులు పోయాయి. పౌరసత్వం ఉన్న దేశంలోనో, నివాసం ఉన్న దేశంలోనో చేయించుకోమంటున్నారు. 2025 డిసెంబర్‌లో హెచ్-1బి, హెచ్-4 ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా పడి, ఇండియా వెళ్లినవాళ్లు అక్కడే ఉండిపోయారు. తప్పనిసరైతేనే బయలుదేరండి. ఆలస్యమైతే ఉద్యోగం సంగతేమిటో ముందే ఆఫీసులో మాట్లాడుకోండి.

• ఊళ్లో ఆస్తి పనులకు ఇక్కడ రాసి పంపే జీపీఏ, ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు పడాలి. బీరువాలో పెట్టి మరిచిపోతే మళ్లీ మొదటికొస్తుంది.

• ఓసీఐ ఉన్న పిల్లలకు ఇరవై ఏళ్లలోపు కొత్త పాస్‌పోర్టు వచ్చిన ప్రతిసారీ దాని కాపీ, కొత్త ఫొటో ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. ఇరవై దాటాక తీసుకునే మొదటి పాస్‌పోర్టుకు కార్డు మళ్లీ తీసుకోవాలి.

• ఉద్యోగం పోతే మొదటి వారంలోనే పదిమందికీ చెప్పండి. అరవై రోజుల్లో ముప్పై ఎనిమిది మౌనంగా పోతే మిగిలేది ఇరవై రెండే.

పావుగంట అయ్యాక చర్చ మామూలే. భీమవరం బావ రొయ్య నుంచి మొదలుపెడతాడు, వరంగల్ అక్క అడ్డు తగులుతుంది, నిజామాబాద్ అన్న గొంతు పెంచుతాడు. మొన్న కూడా బజ్జీలు చల్లారిపోయాయి. మధ్యలో వంటింట్లోంచి ‘ఏమండీ’ అన్న పిలుపు వినిపించింది. ఈసారి వాక్యం మధ్యలోనే ఆపేసి లేచాను.

బజ్జీల కోసమే పిలిచింది. ఇంకో వాయి వేసిందట, తీసుకెళ్లమని.

ఫ్రిజ్ మీద కొత్త లైసెన్స్ ఉంది. అయస్కాంతం కింద ఇప్పుడు ఇంకో కాగితం కూడా ఉంది. ఇంట్లో నలుగురి పాస్‌పోర్టులు, వీసాలు, ఐ-94లు, ఓసీఐల తేదీలు మా అమ్మాయి వరుసగా రాసిపెట్టింది. పాలు తీసుకునేటప్పుడల్లా ఓసారి పైనుంచి కిందికి చదువుతాను.